సంచిలో నిముడు కంప్యూటరు – దాని విద్యుద్వ్యయము

గత సంవత్సరము మన పాఠశాలలో పదియవ తరగతి ముగించి పాలిటెక్నిక్కునకు వెళ్లిన యొక బాలిక కొన్ని మాసముల క్రిందట మాకు ఉత్తరము వ్రాసెను. ఆమె తండ్రి మగ్గము నేయువాడు. కుమార్తె చదువునకు ల్యాప్‌టాపు కంప్యూటరు కొనవలసి వచ్చినప్పుడు ఆయన అంగడివాడిచ్చిన రెండు కాగితములను పట్టుకొని మా యొద్దకు వచ్చి, "మాస్టరుగారూ, వీనిలో ఏది కొనమందురు?" అని యడిగెను. మేము కాగితములను అటునిటు త్రిప్పి చూచి, అంకెలు పెద్దవిగా నున్నదానిని వ్రేలితో చూపితిమి. ధరయు దానికే హెచ్చు. ఆయన మా మాటను నమ్మి, అప్పుచేసి దానినే కొనెను.

ఉత్తరములోని సంగతి యిది. హాస్టలులో ఆ బాలిక యున్న గదిలో ఆఱుగురు. గోడకు ప్లగ్గు ఒక్కటి. కరెంటు పోయిన దినమున తన కంప్యూటరు గంటన్నరలో ఆరిపోవుచున్నది. ఒడిలో పెట్టుకొన్నచో వేడికి ఓర్వలేకున్నది. ప్రక్క మంచముమీది బాలిక తెచ్చుకొన్న తక్కువ ధర యంత్రము మాత్రము అదే పాఠమును అదే రీతిగా చూపుచు సాయంకాలమువఱకు నడచుచున్నది. "నా కంప్యూటరు పాడైనదేమో తెలుపగలరు" అని ఆమె మర్యాదగా అడిగెను.

కంప్యూటరు పాడుకాలేదు. పొరపాటు మాది. ఆ పొరపాటు ఎట్టిదో విచారించుచు మేము చదివినదియు, లెక్కవేసి చూచినదియు ఈ వ్యాసమున వ్రాయుచున్నాము. మన విద్యార్థులలో పలువురు త్వరలో ఇట్టి యంత్రములను కొనబోవుచున్నారు. వారి తలిదండ్రులు మావంటివారినే సలహా అడుగుదురు.

మొదట లెక్క చూతము. ల్యాప్‌టాపు బ్యాటరీమీద వాటు-గంటలని యొక సంఖ్య అచ్చువేయబడియుండును. అది దీపపు బుడ్డిలోని నూనె కొలతవంటిది. 48 వాటు-గంటల బ్యాటరీ కలదనుకొనుడు. యంత్రము సగటున 8 వాట్లు ఖర్చుచేసినచో 6 గంటలు నడచును. 32 వాట్లు ఖర్చుచేసినచో గంటన్నర మాత్రమే. పదిమంది కన్యకల యుపమానమును మన పిల్లలందఱు ఎఱుగుదురు. అందు బుద్ధిమంతులు సిద్దెలలో అదనపు నూనె తీసికొనిపోయిరి. కంప్యూటరులను నిర్మించువారికి ఆ ఉపాయము కొంతవఱకే పనికివచ్చును, ఏలయనగా బ్యాటరీని పెంచినకొలది సంచి బరువెక్కును. కావున వారు వత్తిని గూర్చియే ఎక్కువగా ఆలోచింపవలసివచ్చెను. ఆ వత్తియే ప్రాసెసరు.

ప్రాసెసరనగా వ్రేలిగోరంతటి సిలికాను బిళ్లమీద ఏర్పఱచిన మీటల సమూహము. ఈ మీటలకు ట్రాన్సిస్టరులని పేరు. 1963లో అమెరికాలోని ఫెయిర్‌చైల్డు సంస్థయందు ఫ్రాంక్ వాన్లస్, ఛీ-టాంగ్ సా అనువారు వీనిని జంటలుగా కూర్చు పద్ధతిని ప్రకటించిరి. జంటలో నొకటి తెఱచియున్నపుడు రెండవది మూసియుండును. అందుచే విద్యుత్తు పైనుండి క్రిందికి నేరుగా పాఱిపోవుటకు దారి యుండదు. మీట ఊరకున్నంతసేపు ఖర్చు దాదాపు లేదు, మాఱునప్పుడే ఖర్చు. ఈ పద్ధతినే సీమాస్ అందురు. నేటి కంప్యూటరులన్నియు దీనిమీదనే నిలిచియున్నవి.

మీట మాఱుటయనగా నేమి? ఒక చిన్న కుండను నింపుట, పిమ్మట దానిని క్రింద పాఱబోయుట అని భావింపుడు. కుండలో నీరు ఎంత యెత్తున నిలుచునో అది వోల్టేజి. సెకనునకు ఎన్నిసార్లు నింపి పాఱబోయుదుమో అది వేగము. ఇప్పుడు కుండ వెడల్పును మార్పక, నీటిని మునుపటికంటె రెట్టింపు ఎత్తునకు నింపుదము. నీరు రెట్టింపు పట్టును. అంతేగాదు, ఆ నీటిని రెట్టింపు ఎత్తుననున్న తొట్టికి ముందుగా తోడిపోసియుండవలెను. రెట్టింపు నీరు, రెట్టింపు ఎత్తు. కావున శ్రమ రెండింతలు గాక నాలుగింతలగును. వేగము రెట్టింపైనచో ఖర్చు రెట్టింపు. వోల్టేజి రెట్టింపైనచో నాలుగు రెట్లు. ఎనిమిదవ తరగతివారు సయితము నోటికి చెప్పగల యీ లెక్కలో స్వల్పవిద్యుత్ ప్రాసెసరుల విద్య చాలభాగము ఇమిడియున్నది.

ఉదాహరణము. ఒక చిప్పు 1.2 వోల్టులతో పనిచేయుచు 10 వాట్లు తినుచున్నది. దానిని 0.9 వోల్టునకు దించి, వేగమును సగముచేయుదము. (వోల్టేజిని దించినపుడు కుండలు నిండుట ఆలస్యమగును గనుక వేగమును కూడ తగ్గింపక తప్పదు.) 0.9ని 1.2తో భాగింపగా 0.75. దాని వర్గము 0.5625. వేగము సగము గనుక అందు సగము, సుమారు 0.28. పది వాట్ల యంత్రము మూడు వాట్లకంటె తక్కువతో నడచుచున్నది. పని ముగియుటకు రెట్టింపు కాలము పట్టును, నిజమే. అయినను ఆ పనికైన మొత్తము శక్తి మునుపటి శక్తిలో నూటికి 56 వంతులే.

ఐతే ఈ లెక్కను నమ్మి ప్రాసెసరును నత్తవలె నడపింపరాదు. అది నెమ్మదిగా పనిచేయుచున్నంతసేపును తెరమీది దీపము వెలుగుచునే యుండును. దాని ఖర్చు ఆగదు. కొన్ని పనులను చురుకుగా ముగించి వెంటనే నిద్రపోవుటయే మేలు. నేటి ప్రాసెసరు ఈ రెండు మార్గములలో ఏది లాభమో సెకనునకు పలుమారులు నిర్ణయించుకొనుచుండును. మనము పుట యొకటి చదువుచున్నపుడు అది చాలభాగము నిద్రించుచునే యుండును. మీటను నొక్కినతోడనే మేల్కొని, అక్షరమును వేసి, మరల నిద్రించును.

ఇంకొక చిక్కు గలదు. మీటలు మిక్కిలి సూక్ష్మములైనకొలది వాని మూతలు బిగువుగా పడవు. మూసిన కుళాయినుండి బొట్టు బొట్టుగా నీరు కాఱినట్లు విద్యుత్తు కాఱుచుండును. ఒక్క మీటలో నిది లెక్కకు రాదు. కోట్ల మీటలలో కాఱినపుడు ఊరకున్న యంత్రము సయితము వేడెక్కును. ఈ కాఱుడే యొకప్పుడు గొప్ప సంస్థనొకదానిని దారి మళ్లించినది. ఆ కథ తరువాత చెప్పెదము.

వెంట తీసికొనిపోవు కంప్యూటరని పేరుపొందిన వానిలో మొదటిదిగా చెప్పదగిన ఆస్‌బోర్న్ 1981లో వచ్చెను. దాని బరువు సుమారు 11 కిలోలు. లోపల బ్యాటరీ లేదు. మోయవచ్చును గాని ప్లగ్గున్నచోటికే మోయవలెను! రెండేండ్లకు, అనగా 1983లో, జపానులోని క్యోసెరా సంస్థ చేయగా అమెరికాలో రేడియో షాక్ దుకాణములవారు మోడల్ 100 అను చిన్న యంత్రమును అమ్మిరి. తెరమీద 8 పంక్తులు, పంక్తికి 40 అక్షరములు. గడియారములలోను టార్చిలైట్లలోను వేయునట్టి సన్నని బ్యాటరీలు నాలుగు వేసినచో సుమారు 20 గంటలు నడిచెడిది. పత్రికా విలేఖరులు దానిని ప్రాణముగా చూచుకొనిరట. దానిలోని ప్రాసెసరు 80సి85. మన దేశపు ఇంజనీరింగు కళాశాలలలోను పాలిటెక్నిక్కులలోను చాలకాలము పాఠముగా చెప్పబడిన 8085 ప్రాసెసరునకు అది సీమాస్ రూపము. మన పూర్వవిద్యార్థులలో పెద్దవారు దానిని బల్లమీద తీగెలతో పరీక్షించిన దినములను జ్ఞప్తికి తెచ్చుకొందురుగాక.

మాకు మిక్కిలి నచ్చిన కథ కేంబ్రిడ్జిది. ఇంగ్లండులోని ఆ నగరమున ఏకార్న్ అను చిన్న సంస్థ యుండెను. 1981 మొదలు ఆ దేశపు పాఠశాలలలో ప్రసిద్ధికెక్కిన బీబీసీ మైక్రో కంప్యూటరును చేసినది వారే. తరువాతి యంత్రమునకు తగిన ప్రాసెసరు బజారులో దొరకకపోగా, తామే యొకటి నిర్మింపదలచిరి. 1983లో ఇద్దఱు ఇంజనీరులు, సోఫీ విల్సను, స్టీవ్ ఫర్బరు అనువారు, అమెరికాలోని ఫీనిక్సు నగరమున ప్రాసెసరులు చేయు నొక సంస్థను చూడబోయిరి. గొప్ప కర్మాగారమును, సైన్యమువంటి ఇంజనీరులను చూతుమని వెళ్లినవారికి ఒక సామాన్యమైన యింటిలో పనిచేయు కొద్దిమంది కనబడిరి. వీరు చేయగలిగినది మనమేల చేయరాదని వారు తిరిగివచ్చిరి.

ఆదేశముల భాషను విల్సను రచించెను. చిప్పు నిర్మాణమును ఫర్బరు రూపొందించెను. వారి యజమానులలో నొకడైన హెర్మన్ హౌసరు, పెద్ద సంస్థలు తమ వారికి ఎన్నడును ఈయజాలని రెండు వరములను తాము వీరికిచ్చితిమని పిమ్మట హాస్యముగా చెప్పుచుండెను: ధనము లేమి, జనము లేమి. ఆ లేమిచేత వారు ప్రతిదానిని సరళముగా ఉంచవలసివచ్చెను. 1985లో వెలువడిన ఇంటెల్ వారి 80386లో 2,75,000 ట్రాన్సిస్టరులుండగా వీరి చిప్పులో సుమారు 25,000 మాత్రమే. కుండలు తక్కువైన నీరును తక్కువే గదా!

వారికి బ్యాటరీమీద దృష్టి లేదనుట గమనింపదగిన సంగతి. వేడిని తట్టుకొను పింగాణి పెట్టె ఖరీదైనది. చిప్పు ఒక వాటుకంటె తక్కువ ఖర్చుచేసినచో చవుకయైన ప్లాస్టికు పెట్టె చాలును. వారి కోరిక అంతే. ఖర్చును ముందుగా సరిగా కొలుచు సాధనములు లేకపోవుటచే ప్రతిచోట అతిజాగ్రత్తతో పనిచేసిరి. 1985 ఏప్రిల్ 26న మొదటి చిప్పులు చేతికి వచ్చెను. బల్లమీద నిలుపగానే పనిచేసెను. ఫర్బరు అది ఎంత విద్యుత్తు తీసికొనుచున్నదో చూడవలెనని కొలత సాధనమును తగిలించెను. ముల్లు సున్న చూపెను. చిప్పు పనిచేయుచునే యున్నది, విద్యుత్తు సున్న! విచారింపగా, పరీక్ష పలకమీద చిప్పునకు విద్యుత్తునిచ్చు తీగె అసలే కలుపబడలేదని తేలెను. ప్రక్కనున్న చిప్పులనుండి వచ్చు సంకేతముల తీగెలలో నున్న కొద్దిపాటి విద్యుత్తు లోనికి చొచ్చి దానిని నడిపించుచుండెను. సరిగా కలిపి కొలిచినపుడు కూడ అది వాటులో పదియవవంతు మాత్రమే. ఆ ప్రాసెసరు పేరు ఆర్మ్.

పొదుపునకు ప్రయత్నింపని వారికి పొదుపు లభించెను. దాని విలువ తెలియుటకు ఐదేండ్లు పట్టెను. 1990లో ఏకార్న్, ఆపిల్, వీఎల్‌ఎస్‌ఐ అను మూడు సంస్థలు కలిసి ఆర్మ్ పేర వేఱు సంస్థను స్థాపించెను. పండ్రెండుగురు ఇంజనీరులతో కేంబ్రిడ్జి సమీప గ్రామమున నొక పాత ధాన్యపుకొట్టులో పని యారంభమయ్యెను. 1993లో ఆపిల్ వారి న్యూటన్ అను చేతి కంప్యూటరును, 1997లో రెండే చిన్న బ్యాటరీలతో నడచు సయాన్ సిరీస్ 5ను ఈ జాతి ప్రాసెసరులతోనే వచ్చెను. నేడు మన చేతులలోని ఫోనులలో దాదాపు అన్నిటియందును ఉన్నది ఆ జాతియే.

మన దేశమునకును ఈ కథలో కొంత భాగము గలదు. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ ఆచార్యులును ఎన్కోర్ అను సంస్థ ఇంజనీరులును కలిసి, చదువురానివారికి సయితము ఉపయోగపడునట్లు, మన భాషలలో వినిపించు సింప్యూటరు అను చిన్న యంత్రమును 2001 ప్రాంతమున రూపొందించిరి. దానిలోనిది స్ట్రాంగ్ ఆర్మ్. అనగా ఆర్మ్ ఆదేశభాషను తీసికొని అమెరికాలోని డిజిటల్ సంస్థవారు 1996లో అతిపొదుపుగా మఱల రూపొందించిన ప్రాసెసరు. 2004లో అది అమ్మకమునకు వచ్చెను గాని ఆశించినంతగా వ్యాపింపలేదు. కొన్నియేండ్లకే ఫోనులు ఆ పనిని చేయసాగెను. అయినను కరెంటు సరిగాలేని గ్రామమును ముందుంచుకొని కంప్యూటరును ఊహించిన వారిని మనము మఱువరాదని మా యభిప్రాయము.

ఇక ఇంటెల్ కథ. వారు చాలయేండ్లు ప్రజలకు ఒకే పాఠము నేర్పిరి: గిగాహెర్ట్‌జులు ఎక్కువైన ప్రాసెసరు మంచిది. గిగాహెర్ట్‌జనగా సెకనునకు నూఱుకోట్ల కొట్లు కొట్టు గడియారము. మేమును ఆ పాఠమునే నేర్చి, నేతగాని కాగితములయందు దానినే వెదకితిమి. 2004 నాటికి వారి పెంటియం 4 ప్రాసెసరులు కొన్ని 115 వాట్ల వేడి పుట్టించుచుండెను. ముందు చెప్పిన కాఱుడు దానిలో పెద్దభాగము. అంతకంటె వేగవంతముగా చేయదలచిన దాని తరువాతి చిప్పును వారు ఆ సంవత్సరమే విడిచిపెట్టిరి. వారిని ఆదుకొన్నది ఇశ్రాయేలు దేశమందలి హైఫా నగరమున వారి మఱియొక బృందము చేసిన ప్రాసెసరు. ల్యాప్‌టాపుల కొఱకై 2003లో వచ్చిన ఆ పెంటియం ఎం 1.6 గిగాహెర్ట్‌జుల గడియారముతోనే 2 గిగాహెర్ట్‌జులు దాటిన పెంటియం 4తో సరితూగెను. ఖర్చు 25 వాట్లలోపు. ఒక్కొక్క కొట్టునకు ఎక్కువ పని చేయుటయే దాని రహస్యము. అడుగులు త్వరత్వరగా వేయువాడే ముందు చేరుననుట లేదు; అడుగు పొడవును చూడవలెను.

2007లో తైవాను దేశపు ఏసూస్ వారు ఈ పీసీ అను 7 అంగుళముల తెరగల చవుక కంప్యూటరును తేగా, మఱుసటి సంవత్సరము ఇంటెల్ వారు అట్టి యంత్రముల కొఱకు ఆటమ్ అను ప్రాసెసరును విడుదలచేసిరి. దానిలో 4 కోట్ల 70 లక్షల ట్రాన్సిస్టరులు. ఆదేశములను ముందువెనుకలుగా తిరుగవేసికొని పనిచేయు నేర్పును తీసివేసి, వచ్చిన వరుసనే చేయునట్లు సరళపఱచిరి. చిన్న కంప్యూటరులలో విరివిగా వాడిన ఎన్270 అను రకపు పరిమితి 2.5 వాట్లు మాత్రమే. అయితే దాని ప్రక్కన అమర్చిన తోడు చిప్పులు పాత పద్ధతివి. అవి ప్రాసెసరుకంటె ఎక్కువ తినుచుండెను. ఇంటి యజమాని ఉపవాసముండగా వచ్చిన చుట్టములు విందు ఆరగించినట్లాయెను. తరువాతి సంవత్సరములలో ఈ తోడు పనులన్నియు ఒకే బిళ్లలోనికి చేర్చబడెను.

2020లో ఆపిల్ వారు తమ ల్యాప్‌టాపులలో ఇంటెల్ ప్రాసెసరును విడిచి, ఆర్మ్ జాతికి చెందిన తమ సొంత ఎం1 చిప్పును వాడిరి. దానిలో 1,600 కోట్ల ట్రాన్సిస్టరులు. మాక్‌బుక్ ఎయిర్ అను యంత్రమునందు ఫ్యానే లేదు. దానిలో పెద్ద భాగములు నాలుగు, చిన్న భాగములు నాలుగు కలవు. ఉత్తరము చదువుటకు చిన్నవి, పెద్ద లెక్కకు పెద్దవి. పోస్టుకార్డు వేసివచ్చుటకు ఎవడును లారీని తీయడు గదా.

ఇప్పుడు ఆ రెండు కాగితముల సంగతి. ఇంటెల్ వారి ల్యాప్‌టాపు ప్రాసెసరుల పేర్ల చివర నొక అక్షరముండును. చాలయేండ్లుగా వచ్చిన రకములలో యు అను నక్షరము 15 వాట్ల తరగతికిని, హెచ్ అను నక్షరము 45 వాట్ల తరగతికిని గుర్తు. మేము వ్రేలు చూపినది హెచ్ రకము. అందులో ఆటలకొఱకైన వేఱు చిత్రముల చిప్పు కూడ కలదు. బొమ్మలాటలు ఆడువారికిని, చలనచిత్రములను కూర్చువారికిని అది తగియుండవచ్చును. వ్యాసములు వ్రాసికొని, చిన్న చిన్న ప్రోగ్రాములు నడుపుకొను బాలికకు దానితో పనిలేదు. ప్రక్క మంచముమీది యంత్రము యు రకము. మేము చదువని ఆ యొక్క యక్షరమే గంటన్నరకును సాయంకాలమునకును గల భేదము.

మేము ఆ బాలికకు ఈ సంగతులను దాచక వ్రాసి, చేయదగిన వానిని తెలిపితిమి: తెర వెలుగును సగమునకు తగ్గించుట, బ్యాటరీ పొదుపు అమరికను ఎన్నుకొనుట, చిత్రముల చిప్పును వాడకుండునట్లు ఏర్పాటుచేయుట. ఇప్పుడు దాదాపు మూడు గంటలు వచ్చుచున్నదనియు, ఒడిలో పెట్టుకొనగలుగుచున్నాననియు ఆమె జవాబు వ్రాసెను. తండ్రి మాత్రము అప్పును ఇంకను తీర్చుచున్నాడు. మేము ఆయన యింటికి వెళ్లి మా తప్పు చెప్పుకొంటిమి. ఆయన నవ్వి, మగ్గము ఆపకయే, "అమ్మాయి చదువుచున్నది గదా మాస్టరుగారూ" అనెను.

ఈ సంవత్సరము సైన్సు గదికి ప్లగ్గునకును తీగెకును నడుమ తగిలించు వాట్ల కొలత పెట్టె యొకటి కొంటిమి. తొమ్మిదవ తరగతివారు దానితో పాఠశాల కంప్యూటరులను కొలిచి పట్టిక వ్రాయుచున్నారు. కొలుచునప్పుడు బ్యాటరీ పూర్తిగా నిండియుండవలెను. లేనిచో అది త్రాగు విద్యుత్తు కూడ లెక్కలో చేరును. తెరను వెలిగించియు ఆర్పియు, పుట చదువుచును, చలనచిత్రము నడుపుచును వేఱువేఱుగా చూడవలెను. తమ పిల్లలకు కంప్యూటరు కొనదలచిన తలిదండ్రులు అంగడివాడిచ్చిన కాగితమును కొనుటకు ముందుగా తీసికొనిరావచ్చును. శనివారము సాయంకాలము నాలుగు గంటలకు మేము సైన్సు గదిలోనే యుందుము. ఈసారి చివరి యక్షరమువఱకు చదివెదము.